ఇరవై నిమిషాల మాటల్లో మిగిలే ఇరవై సెకన్లు

తెలుగు దినపత్రికలో ఏదైనా జిల్లా పేజీ తెరిచి, ఊరి సమస్య మీద వచ్చిన కథనం చివరి దాకా చదివితే, అక్కడ ఒక చిన్న వివరణ కనిపిస్తుంది. అధికారి పేరు, హోదా, వాటి పైన రెండు వాక్యాలు: ‘విషయం నా దృష్టికి రాలేదు. పరిశీలించి తగిన చర్యలు తీసుకుంటాం.’ ఆ అధికారి విలేకరితో ఫోన్లో పావుగంట మాట్లాడి ఉండవచ్చు. నిధులు ఎక్కడ ఆగాయో, టెండరుకు ఎవరూ ఎందుకు ముందుకు రాలేదో, వానలు మొదలయ్యేలోగా ఎంత పని సాధ్యమో వివరంగా చెప్పి ఉండవచ్చు. అచ్చయింది మాత్రం ఆ రెండు వాక్యాలే. మరునాడు పొద్దున పత్రిక చూసుకుని, తాను చెప్పిందంతా ఏమైపోయిందని ఆయన నొచ్చుకుంటారు. నిజానికి అక్కడ వక్రీకరణ ఏమీ జరగలేదు. ఆ రెండు వాక్యాలూ ఆయన నోటి నుంచి వచ్చినవే. మిగతావాటికి చోటు లేకపోయింది, అంతే.

పత్రికలతో మాట్లాడవలసి వచ్చిన వైద్యులు, ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు, సంఘాల బాధ్యులు చాలామంది ఇక్కడే తడబడతారు. ఇంటర్వ్యూ నడిచే తీరు సంభాషణలాగే ఉంటుంది. ఎదుటి మనిషి తల ఊపుతాడు, నవ్వుతాడు, టీ తాగుతాడు. కానీ పాఠకుడికో ప్రేక్షకుడికో చేరేది ఆ సంభాషణ కాదు, దాని నుంచి కోసి తీసిన ముక్క. అందుకే సిద్ధపడడం అంటే రాబోయే ప్రశ్నలను ఊహించుకుని జవాబులు బట్టీపట్టడం అనుకుంటే చాలదు. ఆ కోతలో ఏ ముక్క మిగిలినా తనకూ, తాను మాట్లాడుతున్న విషయానికీ అన్యాయం జరగకుండా చూసుకోవడమే అసలు సన్నాహం.

ముక్క ఎంత చిన్నదవుతుందో చెప్పడానికి ఒక కొలత ఉంది. అమెరికా అధ్యక్ష ఎన్నికల టీవీ వార్తల్లో అభ్యర్థి సొంత గొంతు ఆగకుండా ఎంతసేపు వినిపిస్తోందో పరిశోధకుడు డేనియల్ హాలిన్ లెక్కగట్టారు. 1968లో సగటున 43 సెకన్లున్నది 1988 నాటికి 9 సెకన్లకు పడిపోయింది. మన తెలుగు చానళ్లలో ‘బైట్’ అనే మాట వాడుకలోకి రావడంలోనే ఆ పొట్టితనం తెలుస్తుంది. అది కొరికి తీసుకున్న ముక్క.

ఆ కొరుకుడు ఎంత క్రూరంగా ఉండగలదో చెప్పడానికి బీపీ చమురు సంస్థ అధిపతి టోనీ హేవర్డ్ ఉదంతం చాలు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు వేదిక పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. చమురు వారాల తరబడి సముద్రంలోకి కారుతూనే ఉంది. మే 30న లూసియానా తీరంలో విలేకరులతో మాట్లాడిన హేవర్డ్ మొదట క్షమాపణే చెప్పారు. తీరప్రాంత ప్రజల బతుకులు చెదిరిపోయినందుకు విచారిస్తున్నామన్నారు. ఇదంతా ముగిసిపోవాలని తనకన్నా ఎక్కువగా కోరుకునేవారు లేరన్నారు. ఆ ఊపులోనే, తన జీవితం తనకు తిరిగి కావాలని కూడా అనేశారు. క్షమాపణ ఎవరికీ గుర్తులేదు. చివరి వాక్యం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ప్రాణాలే తిరిగిరాని 11 కుటుంబాల పక్కన ఆ కోరిక ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ అక్టోబరు 1 నుంచి ఆ కుర్చీలో మరొకరు కూర్చున్నారు. హేవర్డ్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు, దురుద్దేశమూ కనిపించదు. అలసిపోయిన మనిషి, చెప్పవలసింది చెప్పేశాక ఆగలేకపోయాడు. చాలా ఇంటర్వ్యూలు చెడేది సరిగ్గా ఆ అదనపు వాక్యం దగ్గరే.

మాట నోరు దాటాక ఎన్ని చేతులు మారుతుందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. మండలంలో వార్త సేకరించే కంట్రిబ్యూటర్ తాను విన్నది రాసి, పత్రికాఫీసులో వార్తలు దిద్దే విభాగమైన డెస్కుకు పంపుతాడు. అక్కడి సబ్ ఎడిటర్ దాన్ని కుదిస్తాడు, కొన్నిసార్లు తిరగరాస్తాడు, పేజీలో ఉన్న చోటును బట్టి చివరి పేరాలు తీసేస్తాడు. శీర్షిక పెట్టేది కూడా డెస్కే. తెలుగు పత్రికలకు ప్రాస మీద, చమత్కారం మీద ఉన్న మక్కువ తెలియనిది కాదు. మీరు సరదాకి వాడిన ఒక పోలిక శీర్షికగా మారడానికి ఎక్కువ సమయం పట్టదు. టీవీలో ఇంకా దూరం. బైట్ తీసుకున్న రిపోర్టరు ఒకరు, దాన్ని కత్తిరించే ఎడిటర్ మరొకరు, కింద స్క్రోలింగ్ రాసేవారు ఇంకొకరు. యూట్యూబ్ చానళ్లలో గంటసేపు సాగిన ముఖాముఖికి థంబ్‌నెయిల్ తయారుచేసే వ్యక్తి ఆ గంటా విని ఉంటాడని నమ్మకం లేదు. విలేకరి మీకు ఎంత ఆప్తుడైనా, ఈ గొలుసులో ఆయన ఒక కొస మాత్రమే.

కాబట్టి ఒప్పుకునే ముందే మీరు విలేకరిని ఇంటర్వ్యూ చేయాలి. కథనం దేని మీద, ఇంకా ఎవరితో మాట్లాడుతున్నారు, నా నుంచి కావలసింది సమాచారమా, అభిప్రాయమా, ఆరోపణకు వివరణా, రికార్డు చేసి కోస్తారా లేక లైవ్‌లో తీసుకుంటారా, ఎన్ని గంటలకల్లా ఇవ్వాలి? ఈ ప్రశ్నలు అడగడం అమర్యాద అని మనవాళ్లు మొహమాటపడతారు. మంచి విలేకరి వీటికి సంతోషంగా జవాబిస్తాడు, ఎందుకంటే సిద్ధమై మాట్లాడే మనిషి వల్ల ఆయన పని తేలికవుతుంది. సాయంత్రం ఫోన్ మోగిన మరుక్షణమే మాట్లాడవలసిన అవసరమూ లేదు. ‘పది నిమిషాల్లో నేనే చేస్తాను’ అని చెప్పి, చెప్పినట్టే చేస్తే చాలు. ఆ పది నిమిషాలు గంటన్నర అయితే మాత్రం, జిల్లా పేజీ మీరు లేకుండానే ముగిసిపోతుంది.

షరతుల సంగతి కూడా అప్పుడే తేలాలి. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఏమిటంటే, అంతా మాట్లాడేశాక లేచి వెళ్లేటప్పుడు ‘ఇది మాత్రం రాయకండి, మనలో మాట’ అనడం. ఆఫ్ ది రికార్డ్ అనేది ఇద్దరి మధ్య ముందుగా కుదిరే ఒప్పందం. చెప్పేశాక ఒకరు ప్రకటిస్తే అమల్లోకి వచ్చేది కాదు. తర్వాత అడిగినా చాలామంది విలేకరులు మన్నిస్తారు, కానీ అది వారి మర్యాద. అసలు అడగనే అడగకపోతే ఆ మర్యాదకూ తావుండదు. 2017 జులై 26 రాత్రి, వైట్‌హౌస్ సమాచార విభాగానికి కొత్తగా వచ్చిన ఆంటొనీ స్కారముచ్చి, న్యూయార్కర్ పత్రిక విలేకరి ర్యాన్ లిజాకు తానే ఫోన్ చేసి సహచరుల మీద బూతులతో విరుచుకుపడ్డారు. రాయవద్దని ఎక్కడా అనలేదు. మరునాడు అది వెలువడింది, జులై 31న ఆయన ఉద్యోగం పోయింది. పేరు చెప్పకుండా ‘ఒక అధికారి’గా రాయడం వేరు, నేపథ్యం అర్థం కావడానికి మాత్రమే చెప్పడం వేరు, అసలు వాడకూడదనడం వేరు. ఈ మూడింటినీ కలిపి ఒకే మాటతో పిలవడం వల్ల గొడవలు వస్తుంటాయి కనుక, మీరు కోరుకుంటున్నదేమిటో పూర్తి వాక్యంలో చెప్పడం మేలు.

ప్రభుత్వోద్యోగులకు ఇంకో గుమ్మం ఉంది. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి, అఖిల భారత సర్వీసుల వారికి 1968 నాటి నియమావళి పత్రికలతో, ప్రసార మాధ్యమాలతో మాట్లాడడానికి హద్దులు గీశాయి. రాష్ట్రాల ఉద్యోగులకూ వారి నియమాలు వారికున్నాయి. అనుమతి ఉందో లేదో తెలియనప్పుడు, ఆ మాటే నేరుగా చెప్పి పై అధికారి నంబరు ఇవ్వడంలో తప్పేమీ లేదు.

ఇక చెప్పవలసిన మాట తయారీ. దీనికి నేను నమ్మే పద్ధతి ఒకటే: రేపు ఒకే వాక్యం అచ్చవుతుందనుకుని, ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకోవడం. అది విడిగా నిలబడాలి. ‘అందుకే నేను ముందే చెప్పినట్టు’ అని మొదలయ్యే వాక్యాన్ని ఎవరూ కోసి వాడలేరు, వాడితే అర్థం ఉండదు. జవాబు ముందు చెప్పి కారణం తర్వాత చెప్పాలి. పాఠం చెప్పడానికి అలవాటుపడినవారికి ఇది కష్టం. వారు చరిత్ర నుంచి మొదలుపెట్టి, మినహాయింపులన్నీ దాటుకుని, పదో నిమిషంలో అసలు విషయానికి వస్తారు. అప్పటికి విలేకరి తనకు అర్థమైన మూడో నిమిషం మాటను ఎంచుకుని ఉంటాడు.

ఆ వాక్యాన్ని ఏ భాషలో రాసుకోవాలన్నది తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు. చదువంతా ఇంగ్లిషులో సాగినవారు ఇంగ్లిషు పదాలతో మాట్లాడేస్తారు, వాటిని తెలుగు చేసే భారం విలేకరి మీదో డెస్కు మీదో పడుతుంది. ‘ఈ మందు పనిచేస్తుందనడానికి ఇప్పటివరకు ఆధారాలు లేవు’ అని వైద్యుడు చెప్తే అది ‘ఈ మందు పనిచేయదు’ అని అచ్చవుతుంది. మొదటి దాంట్లో పరిశోధన ఇంకా మిగిలి ఉంది, రెండో దాంట్లో తీర్పు వచ్చేసింది. అలాగే ముప్పు రెట్టింపయిందన్న మాట. లక్షమందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడమూ రెట్టింపే, వందలో పదిమందికి వచ్చేది ఇరవై మందికి రావడమూ రెట్టింపే. శీర్షికలో రెండూ ఒకేలా భయపెడతాయి. అంకెను చెప్పేటప్పుడే ఎంతమందిలో ఎందరికని చెప్పి, వీలైతే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపాలి. కథనం మొత్తం ముందుగా చూపించమంటే చాలామంది విలేకరులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడానికి వారికి సరైన కారణాలే ఉన్నాయి. కానీ ‘నేను చెప్పిన అంకెలూ, సాంకేతిక వాక్యాలూ ఒకసారి చదివి వినిపిస్తారా’ అంటే కాదనేవారు తక్కువ.

మాట్లాడేటప్పటి ప్రమాదాల్లో నాకు అన్నిటికన్నా తీవ్రమైనదిగా తోచేది విలేకరి అందించే పోలికను, ఊతపదాన్ని స్వీకరించడం. దీని వెల ఎంతో ఇటలీలోని లాక్విలా పట్టణానికి తెలుసు. 2009 తొలి నెలల్లో అక్కడ నేల తరచుగా కంపిస్తూ జనం బెదిరిపోయి ఉన్నారు. మార్చి 31న నిపుణుల సంఘం ఆ పట్టణంలో సమావేశమైంది. ఆ సందర్భంగా పౌర రక్షణ శాఖ ఉపాధిపతి బెర్నార్డో డి బెర్నార్డినిస్ ఒక టీవీ విలేకరితో మాట్లాడుతూ, చిన్నచిన్న ప్రకంపనల వల్ల శక్తి విడుదలవుతోంది గనుక పరిస్థితి అనుకూలంగానే ఉందన్న ధోరణిలో చెప్పారు. అది భూకంప శాస్త్రం సమర్థించే మాట కాదు. అయితే ఈలోగా హాయిగా ఒక గ్లాసు వైన్ తాగవచ్చన్నమాట, అన్నాడు విలేకరి. తప్పకుండా అంటూ, ఆయన స్థానికంగా పేరున్న మోంటెపుల్చానో వైన్ పేరు కూడా జోడించారు. ప్రకంపనలు వచ్చిన రాత్రి ఇల్లు విడిచి ఆరుబయట పడుకోవడం ఆ ప్రాంతంలో పాత అలవాటు. ఏప్రిల్ 6 తెల్లవారుజామున పెద్ద భూకంపం వచ్చేనాటికి, అధికారుల భరోసా విని ఇళ్లలోనే ఉండిపోయామని ఆప్తులను పోగొట్టుకున్నవారు తర్వాత కోర్టులో చెప్పారు. మరణించినవారు 309 మంది.

2012 అక్టోబరులో కింది కోర్టు ఆ సమావేశంలో పాల్గొన్న ఆరుగురు శాస్త్రవేత్తలకు, డి బెర్నార్డినిస్‌కు ఒక్కొక్కరికి ఆరేళ్ల జైలుశిక్ష వేసింది. భూకంపాన్ని ముందుగా చెప్పలేకపోయినందుకు శాస్త్రాన్ని బోనెక్కించారని ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. అయితే 2014లో పై కోర్టు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా విడిచిపెట్టింది. డి బెర్నార్డినిస్ శిక్షను రెండేళ్లకు తగ్గించినా రద్దు చేయలేదు, 2015లో అత్యున్నత న్యాయస్థానమూ దాన్నే ఖాయం చేసింది. అంటే చివరికి నిలిచిన నేరం భూకంపాన్ని పసిగట్టలేకపోవడం కాదు. కెమెరా ముందు ఇచ్చిన భరోసా. వైన్ గ్లాసు ఊహ విలేకరిది, ఆయన దానికి తల ఊపి ఒక పేరు చేర్చారు, ఆ క్షణం నుంచి అది ఆయన సొంతమైంది. ‘అంటే భయపడాల్సింది ఏమీ లేదన్నమాట’, ‘అంటే అధికారులు నిద్రపోతున్నారన్నమాట’ అని మన విలేకరులు అందించే ‘అన్నమాట’లన్నీ ఈ కోవలోవే. వాటికి అవునన్నా, నవ్వి ఊరుకున్నా, అది మీ మాట కింద జమపడుతుంది. ‘నేను అలా అనడం లేదు, నేను చెబుతున్నది ఇది’ అని సొంత వాక్యంతో బదులివ్వడం తప్ప వేరే దారి లేదు.

అయితే ఖండించేటప్పుడు వాళ్ల పదాన్నే తిరిగి పలకడం మరో ఉచ్చు. 1973 నవంబరు 17న ఫ్లోరిడాలో పత్రికా సంపాదకుల ఎదుట అప్పటి అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తాను మోసగాణ్ని కానని గట్టిగా అన్నారు. ఆ వాక్యంలో ‘కాను’ కరిగిపోయి, మిగిలిన పదం ఆయన పేరుకు శాశ్వతంగా అతుక్కుంది. మీ ఆస్పత్రి నిర్లక్ష్యమేనా అని అడిగితే, ‘నిర్లక్ష్యం లేదు’ అనడం కన్నా, రోగి ఎన్ని గంటలకు వచ్చారో, ఎవరు చూశారో, ఎప్పుడు ఏ చికిత్స మొదలైందో, రోగి గోప్యతకు భంగం లేనంత మేరకు చెప్పడం బలంగా ఉంటుంది.

మౌనం కూడా విలేకరి చేతిలో పనిముట్టే. మీ జవాబు ముగిశాక ఆయన ఏమీ అనకుండా మీవైపే చూస్తూ ఉంటే, ఆ ఖాళీని నింపాలని మనసు తొందరపడుతుంది. హేవర్డ్ అదనపు వాక్యం లాంటివి పుట్టేది అలాంటి ఖాళీల్లోనే. రికార్డు చేసే ఇంటర్వ్యూలో నిశ్శబ్దాన్ని ఎవరూ ప్రసారం చేయరు, దాన్ని కోసేస్తారు. కనుక చెప్పవలసింది అయిపోయాక నోరు మూసుకుని కూర్చోవడం వల్ల వచ్చే నష్టమేమీ లేదు.

మీడియాతో మాట్లాడడంలో తర్ఫీదిచ్చే శిక్షకులు బాగా నేర్పించే ఒక విద్య ఉంది: అడిగిన ప్రశ్నను ఒక్క మాటతో దాటి, తాము చెప్పదలచుకున్న అంశానికి వంతెన కట్టడం. మోతాదులో వాడితే అది ఉపయోగమే. ప్రశ్నకు సూటిగా ఒక వాక్యం జవాబు చెప్పి ఆపైన వంతెన ఎక్కితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. జవాబే లేకుండా ప్రతిసారీ అదే వంతెన ఎక్కితే ఇంట్లో టీవీ చూస్తున్న పెద్దావిడకి కూడా తెలిసిపోతుంది. 1997 మే 13న బీబీసీ టీవీ కార్యక్రమం న్యూస్‌నైట్‌లో వ్యాఖ్యాత జెరెమీ పాక్స్‌మన్, బ్రిటన్ మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్‌ను, జైళ్ల శాఖ అధిపతి నిర్ణయాన్ని కాదంటానని బెదిరించారా అని ఒకే ప్రశ్న పదిసార్లకు పైగా అడిగారు. హోవర్డ్ ప్రతిసారీ పక్క సమాధానమే చెప్పారు. తనకు ఏమి చేసే హక్కుందో, ఏమి లేదో వివరించారు. చూసినవారికి గుర్తున్నది ఆ హక్కుల వివరణ కాదు, తప్పించుకోవడం. కార్యక్రమంలో తర్వాతి అంశం ఇంకా సిద్ధం కాలేదని తెలియడంతో కాలం గడపడానికే అలా అడుగుతూ పోయానని పాక్స్‌మన్ తరువాత చెప్పుకున్నారు. విలేకరి పట్టుదల వెనక ఎప్పుడూ కుట్రే ఉంటుందనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవడం మంచిది. జవాబు చెప్పలేని పరిస్థితిలో ఎందుకు చెప్పలేరో చెప్పవచ్చు: కేసు కోర్టులో ఉంది, విచారణ ముగియలేదు, ఆ వివరం రోగికి సంబంధించినది. ఉత్త ‘నో కామెంట్’ అంటే మన పత్రికల్లో ‘స్పందించేందుకు నిరాకరించారు’ అవుతుంది, పాఠకుడు దాన్ని ఒప్పుకోలుగా చదువుకుంటాడు.

మొదట్లో చెప్పిన ‘పరిశీలించి చర్యలు తీసుకుంటాం’ ఈ ‘నో కామెంట్’కు మరీ దూరమేమీ కాదు. దశాబ్దాల వాడకంతో అరిగిపోయిన ఆ వాక్యం ఇప్పుడు ఏమీ చెప్పనట్టే లెక్క. దాని స్థానంలో ‘అంచనాలు పంపాం, మంజూరు రాలేదు, వచ్చిన నెలలోపు పని మొదలవుతుంది’ అన్నా అంతే చోటు పడుతుంది. ఆ రెండు వాక్యాల జాగాను అధికారులే చేజేతులా వృథా చేసుకుంటున్నారని నా అభిప్రాయం.

టీవీ సంగతికొస్తే, చొక్కాకు తగిలించిన మైకు తీసి చేతికి ఇచ్చేంతవరకు ఇంటర్వ్యూ ముగియనట్టే. 2010 ఏప్రిల్ 28న బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్, రోచ్‌డేల్‌లో ఒక మహిళా ఓటరుతో మర్యాదగా మాట్లాడి కారెక్కాక ఆమెను సంకుచిత బుద్ధి ఉన్న మనిషన్న అర్థంలో తిట్టారు. స్కై న్యూస్ మైకు చొక్కాకే ఉంది. ఆ సాయంత్రానికి ఆయన ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఇక ఆరు కిటికీల్లో ఆరుగురు ఒకేసారి అరిచే డిబేట్లకు విషయ నిపుణులు వెళ్లి తీరాలన్న నియమమేదీ లేదు. అక్కడ కోత ఉండదు, నిజమే; కాని వాక్యం పూర్తయ్యే అవకాశమూ ఉండదు.

ఈ సన్నాహమంతా పదవిలోనో వృత్తిలోనో ఉండి మాట్లాడేవారికి. ప్రమాదంలో ఆప్తులను పోగొట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనిషి దగ్గర మైకు పెట్టి ఎలా అనిపిస్తోందని అడిగితే, ఆ మనిషి ఏ సన్నాహమూ చేయనక్కరలేదు. మాట్లాడనని చెప్పవచ్చు, బంధువొకరిని ముందు నిలబెట్టవచ్చు, ముఖం చూపించవద్దనవచ్చు. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ అదే చెబుతుంది. ఊరి పేరు, బడి పేరు, తల్లిదండ్రుల ఫొటో కూడా గుర్తింపే అవుతాయన్నది మాట్లాడే బంధువులకూ, పోలీసులకూ తెలిసి ఉండాలి.

తప్పు అచ్చయితే మొదట ఫోన్ చేయవలసింది విలేకరికే. కోపంతో కాకుండా, ఏ వాక్యం తప్పో, సరైనదేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. అందుకు మీ దగ్గర కూడా రికార్డింగ్ ఉండడం మంచిది. ఎదుటివారికి చెప్పి, ఫోన్ బల్ల మీద కనబడేలా పెట్టి చేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అప్పటికీ దిద్దకపోతే సంపాదకుడికి రాయాలి. టీవీ చానళ్లూ, డిజిటల్ వార్తా సంస్థలూ ఫిర్యాదుకు 15 రోజుల్లో బదులివ్వాలని 2021 నాటి నియమాలు చెబుతున్నాయి. పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు, అయితే 1978 చట్టం ప్రకారం అది హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా మాత్రం వేయలేదు. ఎన్నో రోజులకు లోపలి పేజీలో వచ్చే చిన్న సవరణను చదివేవారు కొద్దిమందే. అందువల్ల ఆ పొద్దునే వెబ్‌సైట్‌లో ఉన్న శీర్షికను మార్పించుకోవడానికి ముందు పూనుకోవాలి, ఎందుకంటే వాట్సాప్‌లో చేతులు మారేది ఆ లంకెతోపాటు కనిపించే ఆ ఒక్క వరుసే.